మా ఎనిమిది మంది కాశీ టికెట్ల డబ్బు ఎవరి దగ్గర ఇరుక్కుంది?

టైలరమ్మ, విజయనగరం
2020 నవంబరు 18

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో జాకెట్లు కుట్టుకునేదాన్ని. ఇలా రాయడం ఇదే మొదలు, మా అమ్మాయి ఫోన్‌లో తెలుగు అక్షరాలు పెట్టి ఇచ్చింది. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా వీధిలో ఎనిమిది మంది ఆడవాళ్లం కాశీ చీటీ అని ఒకటి పెట్టుకున్నాం. తలా నెలకి వెయ్యి, పన్నెండు నెలలు. ఎవరికీ పాట లేదు, వడ్డీ లేదు. అందరివీ కలిపి 96,000 అయ్యాక కాశీ వెళ్లి రావడమే. పుస్తకం నా దగ్గర, డబ్బు కూడా నా దగ్గరే. ఇప్పుడు మాట పడుతున్నదీ నేనే.

2020 జనవరిలో టికెట్లు తీశాం. వెళ్లేటప్పుడు ఏప్రిల్ 14 సాయంత్రం ఇక్కడి నుంచి హౌరాకి రైలు, మర్నాడు హౌరా నుంచి కాశీకి ఇంకో రైలు. స్టేషన్ కౌంటర్లో ఫారం నింపి తీశాను. ఒక ఫారంలో ఆరుగురికి మించి రాయకూడదన్నారు, అందుకని ఒక్కో రైలుకి రెండేసి చొప్పున మొత్తం నాలుగు టికెట్లయ్యాయి. అయిదుగురికి పెద్దవాళ్ల రాయితీ వచ్చింది. అన్నీ కలిపి 4,610. తిరిగి వచ్చేటప్పుడు ఏప్రిల్ 24న కాశీ నుంచి విశాఖకి విమానం. మా మేనత్తకి 74 ఏళ్లు, ఒక్కసారైనా విమానం ఎక్కాలని ఆవిడ పట్టు పట్టింది. అది మా వీధి కుర్రాడి చేత తీయించాను, అతనికి టికెట్ల షాపు ఉండేది. మనిషికి 5,900 టికెట్టు, అతనికి ఇచ్చింది 200. మొత్తం 48,800. కాశీలో తెలుగువాళ్ల సత్రానికి గదుల అడ్వాన్సు 4,000 పంపాం. మిగిలినది దారి ఖర్చులకి ఉంచాను.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. మార్చి 22న రైళ్లు ఆగాయి, 25 నుంచి లాక్‌డౌన్, విమానాలూ ఆగిపోయాయి. అప్పటికి మన జిల్లాలో ఒక్క కేసు కూడా లేదు. అయినా ఇంట్లోంచి కదలడానికి లేదు. ఏప్రిల్‌లో కాశీలో ఉండాల్సినదాన్ని, డ్వాక్రా సంఘం తరఫున మాస్కులు కుట్టుకుంటూ కూర్చున్నాను.

దారి ఖర్చులకి ఉంచిన 38,590లో తలా 4,800 చొప్పున మే నెలలోనే అందరికీ ఇచ్చేశాను. అప్పుడు ఎవరింట్లోనూ పని లేదు. మిగిలిన 190 రూపాయలు పుస్తకంలో రాసుంది. ఇంక రావలసింది రైలుది, విమానానిది, సత్రానిది.

రైలు సంగతిలో తప్పు నాదే. టీవీలో, రైలు టికెట్ల డబ్బు దానంతట అదే ఖాతాలో పడుతుంది, ఎవరూ స్టేషన్‌కి రావద్దు అన్నారు. నేను ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. అది ఫోన్‌లో తీసిన టికెట్లకి అట, కౌంటర్లో తీసినవాళ్లు కాగితం పట్టుకుని వెళ్లాల్సిందే అట. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు. టికెట్లు బీరువాలో పట్టుచీర మడతలో పెట్టి ఉంచాను. మొన్న దీపావళి ముందు పట్టుకెళ్తే, ప్రయాణం తేదీ నుంచి ఆరు నెలలే గడువు, అక్టోబరుతో అయిపోయిందమ్మా అన్నారు.

విమానం సంగతి అడిగితే ఆ కుర్రాడు, "డబ్బు రాదక్కా, క్రెడిట్ షెల్లులో ఉంది, మార్చి లోపల ఎక్కడికైనా వెళ్లండి" అంటున్నాడు. క్రెడిట్ షెల్లంటే ఏమిటో రెండుసార్లు చెప్పాడు, నాకు అర్థం కాలేదు. మనసులో మాట చెప్పాలంటే, అతనికే సరిగా తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. షాపు మూసేశాడు. ఇప్పుడు ఆటోలో కూరగాయలు పెట్టుకుని వీధులు తిరుగుతున్నాడు. అతని పెళ్లికి పెళ్లికూతురి జాకెట్లు నేనే కుట్టాను. గట్టిగా అడగడానికి నోరు రావడం లేదు, అడక్కపోతే ఇక్కడ ఏడుగురికి నేనే జవాబు చెప్పాలి.

సిరిమాను పండగ ఈసారి టీవీలోనే చూశాం కదా. చూడ్డానికి మా ఇంట్లోనే అందరూ చేరారు. అమ్మవారు తెర మీద వస్తుంటే దండం పెట్టుకుని, వెంటనే మా మేనత్త నా వైపు తిరిగి, "మరి మన కాశీ డబ్బులేటయినాయే?" అంది. అందరూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే నాకు బాధనిపించింది.

విమానం డబ్బు ఇప్పుడు నిజంగా ఎవరి దగ్గర ఉన్నట్టు? కంపెనీ దగ్గరా, కుర్రాడి దగ్గరా? రైలు టికెట్లు పారేయడమేనా? తెలిసినవాళ్లు కొంచెం విడమర్చి చెప్పండి.


బొబ్బిలి బుల్లోడు
2020 నవంబరు 18

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒక్కటే అన్నారు కదండీ పెద్దలు. కాశీకి పోయిన డబ్బు కూడా అంతే అనుకోండి.


టైలరమ్మ, విజయనగరం
2020 నవంబరు 18

బాబూ, ఆ సామెత నాకూ తెలుసు. డబ్బు కాశీ దాకా వెళ్లి ఉంటే నాకు ఇంత బాధ లేదు.


ఏడు రోడ్ల జంక్షన్
2020 నవంబరు 19

అక్కా, నేను శ్రీకాకుళంలో తొమ్మిదేళ్లు టికెట్ల షాపు నడిపి ఈ జులైలో మూసేసినవాణ్ణి. కాబట్టి మీ కుర్రాడి పక్క, మీ పక్క రెండూ తెలుసు.

ముందు డబ్బు నడిచే దారి చెప్తాను. మనలాంటి ఊళ్లలో చిన్న ఏజెంట్లకి విమాన కంపెనీతో నేరుగా లావాదేవీ ఉండదు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఒక పెద్ద ఏజెంటు ఉంటాడు. వాడి దగ్గర మేం ముందుగా డిపాజిట్ కట్టి ఉంచుతాం, ఫోన్‌లో రీచార్జి బ్యాలెన్స్ ఉన్నట్టు. మీరిచ్చిన నగదు కుర్రాడి గల్లాలో పడింది. టికెట్ మాత్రం ఆ డిపాజిట్‌లోంచి తెగింది. పెద్ద ఏజెంటు కంపెనీకి కట్టాడు. మీ 47,200 మూడు చేతులు మారి వెళ్లింది. వచ్చినా అదే దారిలో, అదే మూడు చేతుల్లోంచి వెనక్కి రావాలి. చిక్కంతా ఇక్కడే.

ఇక క్రెడిట్ షెల్లు. విమానం రద్దయినప్పుడు కంపెనీ మీ డబ్బు చేతికివ్వకుండా, మీ పేరున తన పుస్తకంలో జమ రాసుకుంటుంది. మళ్లీ టికెట్ తీసుకుంటే అందులోంచి తగ్గిస్తుంది. అంతే. మీరు కస్టమర్ ఇచ్చిన బట్ట చెడగొట్టి, డబ్బులివ్వను గానీ ఇంకో జాకెట్టు ఊరికే కుట్టిస్తాను అన్నట్టు.

దీని మీద అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ మొదలయ్యాక, అంటే మార్చి 25 నుంచి మే 24 లోపల టికెట్ కొని, ఆ రోజుల్లోనే ప్రయాణం ఉన్నవాళ్లకి మొత్తం డబ్బు వెంటనే ఇవ్వాలి. మీది అది కాదు, మీరు జనవరిలో కొన్నారు. ముందే కొని మే 24 లోపల ప్రయాణం ఉన్నవాళ్లకి కంపెనీ 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇవ్వలేని ఇబ్బందిలో ఉంటేనే క్రెడిట్ షెల్లు, అదీ 2021 మార్చి 31 దాకానే. ఆ తేదీ దాటితే డబ్బు పోదు. మీ కుర్రాడు చెప్పిన దాంట్లో తప్పు ఇదొక్కటే. వాడుకోకపోతే అప్పుడు కంపెనీ డబ్బు వెనక్కి ఇచ్చేయాలి. ఈలోగా ఆ జమ విలువ జూన్ 30 దాకా నెలకి అర శాతం, తర్వాత నెలకి ముప్పావు శాతం చొప్పున పెరగాలి. కావాలంటే దాన్ని వేరేవాళ్లకి బదలాయించుకోవచ్చు కూడా.

ఇప్పుడు మీకు పనికొచ్చే ముక్క. తీర్పు ప్రకారం డబ్బు ఏ ఖాతా నుంచి కంపెనీకి వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి వెళ్తుంది. అంటే మీ ఖాతాకి రాదు. పెద్ద ఏజెంటుకి, అక్కడి నుంచి కుర్రాడికి. క్రెడిట్ వాడుకోవాలన్నా అదే ఏజెంటు ద్వారా వాడుకోవాలి. కాబట్టి అతనితో తగువు పడకండి, అతన్ని వదలనూ వదలకండి.

అతని ఇంటికి వెళ్లి మీ పీఎన్‌ఆర్ నంబరు అడగండి. ఎనిమిది మందికీ ఒకటే పీఎన్‌ఆర్ అయి ఉంటుంది, తొమ్మిది మంది దాకా ఒకదాంట్లో పడతారు. బుకింగ్‌లో ఫోన్ నంబరు, ఈమెయిల్ ఎవరివి పెట్టాడో అడగండి. తనవే పెట్టి ఉంటాడు, మేమందరం అదే చేసేవాళ్లం. రద్దయిందన్న మెసేజీలు, జమ పడిందన్న మెసేజీలు అన్నీ అతనికే వెళ్లి ఉంటాయి. కంపెనీ సైట్‌లో పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టి చూస్తే జమ ఎంత ఉందో కనబడుతుంది. మీ కళ్లతో చూడండి. ఎందుకంటే, చెప్పకూడదు గానీ, కొందరు ఏజెంట్లు ఆ జమతో వేరేవాళ్లకి టికెట్లు తీసేసి చేతిలో నగదు వాడేసుకున్నారు. మీ కుర్రాడు అలా చేశాడని అనడం లేదు.

మనిషికి 200 అతని చార్జీ. అది రాదు, అడక్కండి.


జీడితోట, పలాస
2020 నవంబరు 20

పైన అన్న చెప్పింది కరెక్టే. నేను వెల్డర్‌ని. మార్చి 28న హైదరాబాద్ నుంచి మస్కట్‌కి టికెట్, 21 వేలు, బయటి దేశం కంపెనీది. డబ్బు బదులు ఏడాది వోచర్ ఇస్తామన్నారు. నా వీసా అయిపోయింది, పని కూడా పోయింది, ఆ వోచర్‌తో మస్కట్ వెళ్లి బీచిలో కూర్చోవాలా? తీర్పు కాగితం డౌన్‌లోడ్ చేసి మెయిల్‌కి తగిలించి వారానికోసారి పంపాను. అయిదో మెయిల్‌కి జవాబొచ్చింది. డబ్బు ఏజెంటుకి వేశామన్నారు. ఏజెంటు రాలేదన్నాడు. కంపెనీ పంపిన తేదీ, నంబరు చూపిస్తే అప్పుడు వచ్చిందన్నాడు.

అక్కా, ఏదైనా రాతలో అడగండి. ఫోన్‌లో మాట్లాడితే గాలికే పోతుంది.


రైలుపట్టా, కొత్తవలస
2020 నవంబరు 20

అమ్మా, మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆయన్ని అడిగి రాస్తున్నాను. రైలు టికెట్లు పారేయకండి. మామూలు రోజుల్లో రైలు రద్దయితే కౌంటర్ టికెట్‌కి మూడు రోజులే గడువు. కరోనా వల్ల మూడు నెలలన్నారు, తర్వాత ఆరు నెలలన్నారు. మళ్లీ పెంచుతారేమో అని నాన్నగారి ఊహ, గ్యారంటీ లేదు. ఈలోగా రైల్వే క్లెయిమ్స్ ఆఫీసుకి, ఆలస్యం ఎందుకైందో రాసి, అసలు టికెట్లు జత చేసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్టర్ పోస్టులో పంపండి, జిరాక్సులు తప్పకుండా ఉంచుకోండి. రాయితీ టికెట్లకి కట్టినంతే వస్తుంది. రైలు వాళ్లే రద్దు చేశారు కాబట్టి కోత ఉండదు.


గంటస్తంభం
2020 నవంబరు 21

నేను ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాని. జులై 20 నుంచి కొత్త వినియోగదారుల చట్టం అమల్లోకి వచ్చింది మేడమ్. ఇదివరకు కంపెనీ ఉన్న చోటో, లావాదేవీ జరిగిన చోటో కేసు వేయాల్సి వచ్చేది, ఇప్పుడు మీరు నివాసం ఉన్న జిల్లాలోనే వేసుకోవచ్చు. అంటే విజయనగరంలోనే. అయిదు లక్షల లోపు దానికి ఫీజు లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1800 11 4000కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. విమానాలకి ఎయిర్‌సేవ అని కేంద్రం వాళ్ల సైటు కూడా ఉంది. కంపెనీ, పెద్ద ఏజెంటు, మీ ఏజెంటు, ముగ్గురినీ పార్టీలుగా చేర్చండి.


టైలరమ్మ, విజయనగరం
2020 నవంబరు 21

గుమాస్తా గారూ, ఆ కుర్రాడి మీద నేను కేసు వేయలేను. వాళ్లమ్మ కూడా మా చీటీలో మనిషే. ఎనిమిది మందిలో ఒకావిడ ఆమే. ముందే చెప్పి ఉండాల్సింది, సిగ్గేసి చెప్పలేదు.


గంటస్తంభం
2020 నవంబరు 21

అర్థమైంది మేడమ్. అయితే హెల్ప్‌లైన్‌లో కంపెనీ మీద మాత్రమే పెట్టండి.


టైలరమ్మ, విజయనగరం
2020 డిసెంబరు 6

ఏడు రోడ్ల తమ్ముడూ, మీరు చెప్పినట్టే చేశాను. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, సాయంత్రం కుర్రాడింటికి వెళ్లాను. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది. నేను ఆవిడ ముందే అడిగాను, చాటున అడిగితే ఇంకా తప్పుగా ఉంటుందని.

పీఎన్‌ఆర్ ఒకటే. ఫోన్ నంబరు, మెయిల్ అతనివే. నా ఎదురుగా సైటు తెరిచి చూపించాడు. 47,200 అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. మీరు రాసింది చదివిన రాత్రి నుంచి, వీడు మన డబ్బుతో ఎవరికో టికెట్లు తీసేశాడనే నా మనసులో ఉంది. కూరగాయల ఆటో మా గుమ్మం ముందు ఆగితే వంకాయలు కూడా కొనడం మానేశాను.

కానీ అతను దాచిన ముక్క ఒకటి ఉంది. విశాఖ పెద్ద ఏజెంటుకి అతను 31,000 బాకీ. మా డబ్బు కంపెనీ నుంచి ఆ పెద్దాయనకి వస్తే తన బాకీ కింద పట్టుకుంటాడని భయం. అందుకే క్రెడిట్‌గానే ఉంచేసి, ఎలాగైనా మమ్మల్ని మార్చి లోపల విమానం ఎక్కించేస్తే గొడవ వదులుతుందనుకున్నాడు. కుట్టు విప్పి చూస్తే గానీ లోపల బట్ట ఎంత వదిలారో తెలీదు అంటాను నేను మా అమ్మాయితో. అలా ఉంది ఇది.

ఒక తెల్లకాగితం మీద రాయించుకున్నాను. పీఎన్‌ఆర్, మొత్తం, ఎనిమిది మంది పేర్లు, డబ్బు ఎవరికి జమ అయినా తాను నాకు ఇవ్వాలి అని. సంతకం చేశాడు. వాళ్లమ్మ సాక్షి సంతకం పెట్టింది. బుకింగ్‌లో నా ఫోన్ నంబరు కూడా చేర్పించాను. మార్చి దాటాక మాకు డబ్బే కావాలని కంపెనీకి మెయిల్ పెట్టించాను.

ఇంటికొచ్చాక అందరినీ పిలిచి చెప్తే కొత్త గొడవ మొదలైంది. మాకు పాలు పోసే అప్ప ఉంది, ఆవిడ డబ్బు వద్దంటోంది. "డబ్బులొద్దమ్మా, నాకు టిక్కెట్టే ఉంచు. డబ్బులింటికొస్తే మా గుంటడు ఉంచుతాడేటి? ఇమానం కంపెనీ కాడుంటే ఆడికి అందదు" అంది. మేమందరం కంపెనీ మీద ఏడుస్తుంటే ఆవిడకి ఆ కంపెనీయే బ్యాంకులా కనబడింది. ఆలోచిస్తే ఆవిడ చెప్పిందీ అబద్ధం కాదు. కానీ ఒకటే పీఎన్‌ఆర్, ఒక్కరికి ఉంచి ఏడుగురికి తీయడం వస్తుందా తమ్ముడూ?


ఏడు రోడ్ల జంక్షన్
2020 డిసెంబరు 6

విడదీయించవచ్చు గానీ అక్కా, వద్దు. ఆవిడ ఒక్కరే కాశీ నుంచి విమానం ఎలా ఎక్కుతుంది? అందరిదీ డబ్బుగానే తీసేయండి. ఆవిడ వాటా మీ దగ్గర ఉంచుకోండి, లేకపోతే ఆవిడ పేరున పోస్టాఫీసులో వేయించండి.

బాకీ సంగతి చెప్పాడంటే మంచి కుర్రాడే. నాకు బాకీ పడ్డవాళ్లు ఇద్దరు ఫోన్ నంబరే మార్చేశారు.


రైలుపట్టా, కొత్తవలస
2021 జనవరి 8

అమ్మా, అర్జెంటు. మీరు క్లెయిమ్స్ ఆఫీసుకి టికెట్లు పంపేశారా? నిన్న, జనవరి 7న రైల్వే వాళ్లు కౌంటర్ టికెట్ల గడువు ప్రయాణం తేదీ నుంచి తొమ్మిది నెలలకి పెంచారు. 2020 మార్చి 21 నుంచి జులై 31 మధ్య ప్రయాణాలకి. మీది ఏప్రిల్ 14 కదా, అంటే జనవరి 14 లోపల వెళ్లాలి. ఆ రోజు సంక్రాంతి. ఆలోచించకుండా సోమవారమే వెళ్లిపోండి. ఇదివరకే దరఖాస్తు పెట్టినవాళ్లకి కూడా ఇస్తారట.


టైలరమ్మ, విజయనగరం
2021 జనవరి 11

బాబూ, మీకూ మీ నాన్నగారికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. దరఖాస్తు రాసి పెట్టుకున్నాను గానీ అసలు టికెట్లు పోస్టులో వేయడానికి చెయ్యి రాలేదు. బద్ధకం అనుకోండి, భయం అనుకోండి. పట్టుచీర మడతలోనే ఉన్నాయి.

సంక్రాంతి ముందు టైలరింటి సంగతి మీకు తెలుసో లేదో. నలభై జాకెట్లు, పదకొండు లంగాలు కుట్టాల్సినవి ఉన్నాయి. భోగి నాటికి ఇవ్వకపోతే మనిషిని బతకనివ్వరు. అయినా మిషన్ మీద గుడ్డ కప్పేసి పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లాను. కౌంటర్లో ఆయన మొదట గడువు అయిపోయిందన్నాడు. మీరు రాసింది ఫోన్‌లో చూపించాను. పక్కాయనని అడిగాడు, లోపలికెళ్లి వచ్చాడు. నాలుగు టికెట్లూ తీసుకుని 4,610 లెక్కపెట్టి ఇచ్చాడు. ఒక్క రూపాయి కోయలేదు. మా అమ్మాయి కౌంటర్ దగ్గర ఫొటో తీస్తానంది, నేను వద్దన్నాను, వెనకాల లైను చాలా ఉంది.

తలా 576. మిగిలిన రెండు రూపాయలు 190లో కలిపి 192 అని రాశాను.


బొబ్బిలి బుల్లోడు
2021 జనవరి 11

అయితే కాశీకి పోయిన డబ్బు తిరిగొచ్చిందన్నమాట. సామెత మార్చాలి.


టైలరమ్మ, విజయనగరం
2021 మే 2

చాలామంది ఏమైందని అడుగుతున్నారు, అందుకని రాస్తున్నాను. రోజులు మళ్లీ బాగోలేవు. మా వీధిలో రెండిళ్లలో వచ్చింది. అందరూ జాగ్రత్తగా ఉండండి.

మార్చి 31 దాటాక వారం ఆగి కంపెనీకి మళ్లీ మెయిల్ పెట్టించాను. తీర్పు కాగితం తగిలించాం, పలాస తమ్ముడు చెప్పినట్టు. హెల్ప్‌లైన్ ఫిర్యాదు నంబరు కూడా అందులో రాశాం. ఏప్రిల్ 19న 47,200 ఏజెంటుకి వేశామని నా ఫోన్‌కే మెసేజ్ వచ్చింది. నా నంబరు చేర్పించడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. కుర్రాడు అనుకున్నట్టే పెద్ద ఏజెంటు తన బాకీ 31,000 పట్టుకుని 16,200 మాత్రమే వదిలాడు. మేం ఆయనకి మెయిల్‌లో గట్టిగా రాశాం, ఇది కుర్రాడి డబ్బు కాదు, ప్రయాణికులది అని, పేర్లన్నీ రాసి. ఆయన, మీ లెక్క మీరు చూసుకోండి అన్నాడు.

కంపెనీ మీద వేసినట్టు ఆయన మీద కూడా ఫిర్యాదు పెడదామనుకుంటుండగా కుర్రాడే వచ్చాడు. ఆటో అమ్మేస్తానన్నాడు. వద్దన్నాను, ఆటో అమ్మితే రేపటి నుంచి ఏం తింటారు? బాకీ అతనిదే కదా, అది తీరినట్టే కదా, ఇంక నాకు నెలకి ఇంత అని కట్టమన్నాను. ఆ 16,200 వెంటనే తెచ్చి ఇచ్చాడు. వాళ్లమ్మ తన వాటా 5,900 తనకి అక్కర్లేదు, కొడుకు బాకీలో తగ్గించుకోమంది. అంటే ఇంకా 25,100. ఎవరికి ముందు ఇవ్వాలో చీట్లు తీశాం. మా మేనత్తకి మొదటే వచ్చింది. ఆవిడ 5,900 చేతిలో పట్టుకుని, "ఇమానం ఎక్కకండానే దిగిపోయాను" అంది.

గుమాస్తా గారు నన్ను తిడతారని తెలుసు. పెద్ద ఏజెంటు చేసింది తప్పే, కేసు వేస్తే గెలుస్తామేమో కూడా. నాకు ఓపిక లేదు. జమ పెరగాల్సిన శాతం ఏమైందని కంపెనీకి ఒక మెయిల్ పెట్టాను, అదీ మా అమ్మాయి ఊరుకోనంటే. జవాబు రాలేదు.

పాలు పోసే అప్ప వాటా వచ్చినప్పుడు ఆవిడ పేరున పోస్టాఫీసులో వేస్తాను, పుస్తకం నా దగ్గర ఉంటుంది. గుంటడికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

సత్రం అడ్వాన్సు సంగతి చాలామంది మర్చిపోయారు. పోయిన ఏడాది జూన్‌లోనే వాళ్లు ఫోన్ చేశారు, ఖాతా నంబరు చెప్పండి, నాలుగు వేలు పంపించేస్తాం అని. ఎవరూ అడక్కుండా తమంతట తాము ఫోన్ చేసింది వాళ్లొక్కరే. మీ దగ్గరే ఉంచండి, ఎప్పుడైనా వస్తాం అన్నాను. పుస్తకంలో అది అలాగే ఉంది, దాని కింద 192 రూపాయలు.